అత్తమ్మ గోలీలు, నా సూది

మా ఇంట్లో చక్కెర జబ్బు నాకంటే ముందు మా అత్తమ్మకు వచ్చింది. ఆమెకు వచ్చిన రెండేళ్లకు నాకు వచ్చింది. రెండిటికీ పేరు ఒకటే కాబట్టి రోగం కూడా ఒకటే అనుకున్నాం. ఆ పొరపాటు నన్ను దాదాపు మింగేసింది. ఇందులో నాకు కీడు తలపెట్టినవాళ్లు ఒక్కరూ లేరు. అందరూ నా మంచే కోరారు. అందుకే ఇది రాయాలనిపించింది.

ఖానాపూర్‌లో మా ఇల్లు. మా ఆయన గంగాధర్‌కు కాలిపోయిన కరెంటు మోటార్లకు తీగ చుట్టి బాగుచేసే దుకాణం ఉంది. నేను ఊళ్లోని ప్రాథమిక పాఠశాలలో టీచర్ని. నాకు జబ్బు వచ్చేనాటికి మా పాప స్వప్నకు మూడేళ్లు. మా అత్తమ్మ పేరు రాజవ్వ. మామయ్య పోయాక ఇల్లూ పొలమూ ఒంటి చేత్తో నడిపిన మనిషి.

1981లో అత్తమ్మ కాలి వేలి మీద పుండు లేచి ఎంతకీ మానలేదు. నిర్మల్‌లో డాక్టరు పరీక్ష చేసి చక్కెర అన్నాడు. గోలీలు రాసిచ్చి, అన్నం తగ్గించమని, నడవమని, ఒళ్లు తగ్గాలని చెప్పాడు. అత్తమ్మ మంచి పుష్టిగల మనిషి. ఆ రోజు నుంచి అన్నం ముట్టలేదు. జొన్నరొట్టె, ఆకుకూర, పొద్దున కాకరకాయ రసం. తెల్లవారగానే కాలువ గట్టు మీద నడక. ఇంట్లోంచి చక్కెర డబ్బా, బెల్లం కుండ రెండూ బయటికి పోయాయి. నాలుగు నెలల్లో పుండు మానింది. మోకాళ్ల నొప్పి తగ్గింది. వాడకట్టులో ఎవరికి చక్కెర వచ్చినా ముందు మా అరుగు మీదికే వచ్చేవారు, రాజవ్వ ఏం తింటున్నదో అడగడానికి. ఆమె గర్వంగా చెప్పేది. గర్వపడటంలో తప్పులేదు. కష్టపడి గెలిచింది.

1983 వానాకాలంలో నాకు దాహం మొదలైంది. ఒకటో తరగతి పిల్లలకు అక్షరాలు దిద్దిస్తూ మధ్యలో మూడు గ్లాసుల నీళ్లు తాగేదాన్ని. తాగిన నీళ్లు నిలిచేవి కావు. మా బడిలో ఆడవాళ్లకు మరుగుదొడ్డి లేదు. వెనక ఉన్న ఇంటి పెద్దమ్మను బతిమాలి వాళ్ల పెరట్లోకి పోయేదాన్ని, పూటకు నాలుగైదుసార్లు. పిల్లలు నవ్వేవారు. నాకప్పుడు ఇరవై తొమ్మిదేళ్లు. ముందే సన్నటి మనిషిని, ఆ రెండు నెలల్లో జాకెట్లన్నీ వదులయ్యాయి.

అదే డాక్టరు, అదే పరీక్ష, అదే జవాబు. "మీ అత్తగారివే గోలీలు మీకూ రాస్తున్నాను. ఆమె ఎట్లా చేస్తే మీరూ అట్లా చేయండి" అన్నాడు. ఆయనను నేను తప్పుపట్టను. ఎక్కువమందికి ఆ మందే పనిచేస్తుంది. ఆ బల్ల ముందు రోజుకు వందమంది నిలబడేవారు.

బస్సులో నేను కళ్లనీళ్లు పెట్టుకుంటే అత్తమ్మ నా చేయి పట్టుకుంది.

"ఫికర్ జేయకు బిడ్డా. నేను లేనా? నాకు తగ్గలే? నీకూ తగ్గుతది. నువ్వు జర నా మాట ఇను, అంతే."

విన్నాను. ఆమెతోపాటు గట్టు మీద నడిచాను. ఆమెతోపాటు కాకర రసం మింగాను. రెండు పూటలా ఒక్కో జొన్నరొట్టె. ఆమె ఎంత ప్రేమగా చూసుకుందో చెప్పలేను. నా వంతు రొట్టె వేడిగా ఉండాలని చివర కాల్చేది. బడికి నా డబ్బా తానే కట్టేది. పాపను తన దగ్గరే పడుకోబెట్టుకునేది, నాకు నిద్ర చాలాలని.

ప్రతి ఆదివారం మూత్రపరీక్ష ఆమే చేసేది. ఆ రోజుల్లో ఇంట్లో చేసుకునే పరీక్ష ఒకటే. గాజు గొట్టంలో నీలం మందు పోసి, ఎనిమిది చుక్కలు మూత్రం వేసి, మంట మీద కాగబెట్టాలి. నీలంగానే ఉంటే చక్కెర లేదు. ఆకుపచ్చయితే కొంచెం. పసుపు, నారింజ, చివరికి ఇటుక రంగు. అత్తమ్మది నీలం, ఎప్పుడన్నా ఆకుపచ్చ. నాది ఎప్పుడూ ఇటుక రంగే. ఆమె చెప్తుంటే మా ఆయన నోటుబుక్కులో రాసేవాడు. నా పేజీ నిండా ఎరుపు, ఎరుపు, ఎరుపు.

గోలీలు ఒకటి రెండయ్యాయి, రెండు మూడయ్యాయి. సంక్షేపంగా చెప్పాలంటే నేను కరిగిపోతూ వచ్చాను. 1984 ఎండాకాలం నాటికి పాపను ఎత్తుకోలేకపోయేదాన్ని. అది చేతులు చాపితే కూర్చుని ఒళ్లోకి తీసుకునేదాన్ని. అరికాళ్లు మండేవి. సుద్దముక్క పట్టుకున్న చేయి బోర్డు మీద పైకి లేచేది కాదు. తోటి టీచరు ఒకామె నా గ్లాసు వేరే పెట్టడం మొదలుపెట్టింది. క్షయ అని అనుకుందట. నాకూ అదే అనుమానం వచ్చి ఛాతీ ఫోటో తీయించుకున్నాను. అది కాదన్నారు. కాదన్నందుకు సంతోషపడాలో, అయితే ఏమిటని భయపడాలో తెలియలేదు.

ఆ జూన్ నెలలో జరిగిన సంగతి దాచుకోవాలనే ఉంది, కానీ దాస్తే ఈ కథ అబద్ధమవుతుంది. ఒక మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేరు. పాప కోసం వండిన అన్నం గిన్నెలో మిగిలి ఉంది. చల్లారిపోయింది. నేను తలుపు వెనక నిలబడి, ఉప్పు చల్లుకుని, ఆ అన్నాన్ని రెండు చేతులా తిన్నాను. ఆకలి అంటే అదివరకు నాకు తెలిసిన ఆకలి కాదు. ఎముకల్లోంచి వచ్చినట్టుండేది. తలెత్తేసరికి అత్తమ్మ పెరటి గుమ్మంలో నిలబడి ఉంది.

ఆమె అరవలేదు. గిన్నె నా చేతిలోంచి తీసుకుంది.

"గిదా సంగతి," అన్నది. "నేనిక్కడ నీ కోసం పాణం బెడుతున్న. నువ్వు దొంగతిండి తింటున్నవ్. నాకు దిగిన శక్కర నీకెందుకు దిగదో ఇప్పుడు తెలిసింది."

ఆ ఒక్కసారే అని చెప్పాను. నమ్మలేదు. ఎట్లా నమ్ముతుంది? కళ్లారా చూసింది. వంటింటికి తాళం పడింది. దానికన్నా ఎక్కువ బాధపెట్టింది మా ఆయన మాట. ఆయన గొంతు పెంచే మనిషి కాదు. పక్కన కూర్చుని, నా ముఖం చూడకుండా అడిగాడు.

"విజయా, బడిల గిట్ల ఏమన్న తింటున్నవా? ఉన్నదున్నట్టు జెప్పు. నేనేం అనను."

ఏమీ అనని మనిషికి ఏం చెప్పను? లేదు అన్నాను. ఆయన తల ఊపాడు. ఆ తల ఊపడంలో నమ్మకం లేదు. ఆ రోజు నుంచి నాకు మనసులో ఒక ఆలోచన స్థిరపడింది. నేను పోతాను, పోయాక కూడా వీళ్లు నాదే తప్పనుకుంటారు అని. జబ్బు కంటే అది ఎక్కువ బరువుగా ఉండేది.

మా అవ్వది, అంటే నన్ను కన్న అమ్మది, వేములవాడ దగ్గర పల్లె. దసరాకు రాలేకపోయానని నన్ను చూడటానికి తనే వచ్చింది. నేను తలుపు తీశాను. అవ్వ నన్ను దాటి ఇంట్లోకి చూసి, "మా విజయ ఏది?" అని అడిగింది. తర్వాత నా ముఖం వైపు చూసింది. సంచి చేతిలోంచి జారిపోయింది.

ఆ సాయంత్రం ఇద్దరి మధ్య మాటలు ముదిరాయి.

"నా బిడ్డకు బువ్వ బెడుతలేరా? కడుపు మాడ్చి సంపుతున్నరా?" అన్నది అవ్వ.

"నీ బిడ్డ కడుపు నేను మాడుస్తనా వదినె? నా సొంత బిడ్డ లెక్క జూసిన. నా నోట్లకు ముందుగాల ఆమె నోట్లకే రొట్టె పోయింది. దాసుకొని తిన్నది నీ బిడ్డ, బదునాం నాకా?"

అవ్వ నన్ను వెంటనే కరీంనగర్ తీసుకుపోతానన్నది. అక్కడ అవ్వ తమ్ముడు, మా చిన్నమామ ఇల్లు ఉంది, పెద్ద దవఖాన ఉంది. అత్తమ్మ తనూ వస్తానన్నది. "డాక్టరుకు అన్ని సంగతులు నేను జెప్పాలె" అంటూ గోలీల సీసాలు, నోటుబుక్కు సంచిలో పెట్టుకుంది. మా ఆయన దుకాణం మూశాడు. మర్నాడు పొద్దున జగిత్యాల మీదుగా పోయే బస్సులో నలుగురం, పాప.

దవఖాన వరండాలో పొడుగాటి బల్ల. నాకు ఒక పక్క అవ్వ, ఇంకో పక్క అత్తమ్మ. ఇద్దరూ చెరోవైపు చూస్తూ కూర్చున్నారు. మూడు గంటలు అట్లాగే. నాకు ఆనుకోవడానికి గోడ లేదు. వీపు వంగిపోతోంది. ఎదుటి బల్ల మీద కూర్చున్న ఒక ముసలామె లేచి వచ్చి తన మూట నా వీపు వెనక పెట్టింది. పేరు ఖాజాబీ అని తర్వాత తెలిసింది.

"ఆరాంగ కూసో బేటీ," అన్నది. తర్వాత మా అవ్వనూ అత్తమ్మనూ చూసి, "ఇద్దరు అమ్మలున్నరు, ఒక్కలు గూడ బిడ్డకు భుజమియ్యలేదేంది?" అన్నది. ఇద్దరూ ఒకేసారి నా వైపు జరిగారు.

డాక్టరు నెమ్మదిగా మాట్లాడే మనిషి, కోస్తా వైపు నుంచి వచ్చినట్టుంది. అత్తమ్మ ముందుకు పోయి సీసాలు బల్ల మీద పెట్టింది.

"ఇవి ఎవరి మాత్రలు?" అని అడిగాడు.

"ఇద్దరియి సారూ. నాకు మంచిగ జేసినయ్. గీమెకు జేస్తలేవు. పత్తెం సరిగ జేస్తలేదు."

ఆయన నోటుబుక్కు తిరగేశాడు. ఒక్కో పేజీ ఆగి ఆగి చూశాడు. తర్వాత అత్తమ్మను ఒకసారి, నన్ను ఒకసారి తేరిపార చూశాడు.

"ఇన్ని నెలలు ఎరుపే ఉంటే అనుమానించాల్సింది మందును, మనిషిని కాదు" అన్నాడు. కోపంగా అనలేదు. నాకు మాత్రం ఆ మాటకు ఏడుపు ముంచుకొచ్చింది. ఇన్నాళ్లకు ఒకరు నన్ను నమ్మారు.

"చిన్నప్పుడు కడుపునొప్పి ఏమైనా వచ్చేదా?"

నాకు గుర్తులేదన్నాను. వెనక నుంచి అవ్వ అందుకుంది.

"వచ్చేది సారూ! పదేండ్లప్పటి సంది. తిన్నంక వీపు దాక గుంజేది. ముడుసుక పండుకొని మోకాళ్లు గదుమకు ఆనిచ్చుకునేది. నాలుగొద్దులు గట్లనే ఉండి పోయేది. పెద్దమనిషైనంక తగ్గింది. దిష్టి అనుకున్నం."

అవ్వ చెప్తుంటే నాకు గుర్తొచ్చింది. గడప మీద పొట్ట అదుముకుని పడుకున్న ఒక పిల్ల. అది నేనే.

డాక్టరు పొట్టకు ఎక్స్‌రే తీయించాడు. సాయంత్రం ఆ ఫిల్మును కిటికీ వెలుతురుకు పట్టి చూపించాడు. వెన్నెముకకు అడ్డంగా తెల్లటి పలుకులు, నూకలు చల్లినట్టు.

"ఇవి రాళ్లు. పొట్టలో వెనకవైపు క్లోమం అనే అవయవం ఉంటుంది. తిన్నదాన్ని ఒంటికి పట్టించే ఇన్సులిన్ అక్కడే తయారవుతుంది." అని అత్తమ్మ వైపు తిరిగాడు. "అమ్మా, మీ ఒంట్లో అది తయారవుతోంది. కానీ ఒళ్లు దాన్ని సరిగ్గా వాడుకోవడం లేదు. ఒళ్లు తగ్గితే, నడిస్తే, మాత్ర వేసుకుంటే దారికొస్తుంది. మీరు చేసిందల్లా మీ జబ్బుకు సరైన వైద్యమే. ఈ అమ్మాయి క్లోమం చిన్నప్పటి నుంచీ రాళ్లతో దెబ్బతింటూ వచ్చింది. ఇన్సులిన్ చాలినంత ఊరడమే లేదు. మాత్ర ఏం చేస్తుంది? పైగా తిండి తగ్గించారు."

మా ఆయన ఫిల్ము వైపే చూస్తున్నాడు. "అంటే సారూ," అన్నాడు మెల్లగా, "బావిల నీళ్లే లేవు. మనం మోటారు మీద మోటారు బెడుతున్నం."

"అంతే" అన్నాడు డాక్టరు. "దీనికి ఇన్సులిన్ సూదే మందు. ఆ అమ్మాయి కడుపునిండా తినాలి. అన్నం, పప్పు, పాలు, అన్నీ."

అత్తమ్మ అంతదాకా నిలబడే ఉంది. "గట్లయితే సారూ, నేనే సంపినట్టా?" అని అడిగింది.

"మీరు తీసుకొచ్చారు కదమ్మా, బతికున్నప్పుడే" అన్నాడాయన.

ఆమె బయటికి వెళ్లిపోయింది. వరండా చివర స్తంభం దగ్గర నిలబడి కొంగుతో ముఖం కప్పుకుంది. చాలాసేపటికి అవ్వ లేచి వెళ్లి ఆమె పక్కన నిలబడింది. ఏం మాట్లాడుకున్నారో నాకు ఇద్దరూ ఇప్పటిదాకా చెప్పలేదు.

నన్ను వార్డులో చేర్చుకున్నారు. బరువు చూస్తే ముప్పై నాలుగు కిలోలు. పన్నెండు రోజులు ఉన్నాను. మొదటి సూదికి చేయి వెనక్కి లాక్కున్నాను. నొప్పికి కాదు. సూది దాకా వచ్చిందంటే ఇక అయిపోయినట్టేనని మా వైపు అందరూ అనేవారు. పక్క మంచం ఖాజాబీదే. ఆమె కాలి పుండుకు కట్టు కట్టించుకోవడానికి చేరింది.

"ఆఖరిదని ఎవరన్నరు? ఆరు సాల్ల సంది తీస్కుంటున్న. ఆరుసార్లు సచ్చిన్నా నేను?" అని నవ్వింది. ఇంట్లో ఫ్రిజ్ లేదని మేం దిగులు పడుతుంటే ఆమే దారి చెప్పింది. కొత్త కుండలో తడి ఇసుక పోసి, దాంట్లో చిన్న ముంతలో మందు సీసా పెట్టి, తడిగుడ్డ కప్పాలి. రోజూ నీళ్లు చల్లాలి. చెమటలు పట్టి, చేతులు వణికి, మాట తడబడితే చక్కెర మరీ దిగినట్టని, వెంటనే తీపి నోట్లో వేయాలని కూడా ఆమే అత్తమ్మకు కూర్చోబెట్టి చెప్పింది.

రెండో రోజు మధ్యాహ్నం అత్తమ్మ చిన్నమామ ఇంటి నుంచి టిఫిన్ క్యారియర్ తెచ్చింది. మూత తీస్తే తెల్లటి అన్నం, పొగలు. పప్పు, గుడ్డు. పళ్లెంలో పెట్టి నా ముందుంచింది. నా చేయి ముందుకు పోలేదు. ఏడాది పైబడిన అలవాటు, భయం. ఆమె ముఖం వైపు చూశాను.

"తిను బిడ్డా," అన్నది. "నేనే బెడుతున్న. తిను." నేను తినేదాకా అక్కడే నిలబడింది, పళ్లెం ఖాళీ అయ్యాక మళ్లీ వడ్డించింది.

సూది వేయడం ఇంట్లో ఎవరైనా నేర్చుకోవాలన్నారు. వెంట్రుకంత తీగను చుట్టే మా ఆయన సూదిని నా చేతి దగ్గరికి తెచ్చి వెనక్కి తీసుకున్నాడు. రెండుసార్లు ప్రయత్నించి బయటికి వెళ్లిపోయాడు. అత్తమ్మ సిస్టరమ్మను అడిగి నేర్చుకుంది. వంకాయ మీద మూడు రోజులు పొడిచి పొడిచి చేయి కుదుర్చుకుంది. నాలుగో రోజు నాకు వేసింది. తెలియనే లేదు.

ఇంటికి వచ్చాక రోజులు ఒక్కసారిగా బంగారమైపోలేదు. గాజు సిరంజి మరగబెట్టడం, వేళకు సూది, సూది తర్వాత వేళకు తిండి. ఒక ఆదివారం సూది వేసుకున్నాక చుట్టాలు వచ్చారు. మాటల్లో పడి నేను తినలేదు. ఉన్నట్టుండి చెమటలు కారాయి. పాపను వేరే పేరు పెట్టి పిలిచానట. అత్తమ్మ చూసింది. వంటింట్లోకి పరుగెత్తింది. మా ఇంట్లో చక్కెర లేదని అప్పుడు తట్టింది. నాలుగేళ్ల కిందట ఆమే కదా బయట పడేసింది. పక్కింటికి పోయి కొంగులో చక్కెర పోసుకుని వచ్చింది. నా తల ఒళ్లో పెట్టుకుని, పిడికెడు పిడికెడుగా నా నోట్లో పోసింది. తెలివి వచ్చేసరికి నా చెంపల మీద, మెడ మీద, ఆమె చీర మీద అంతా చక్కెరే. ఆమె ఏడుస్తూ నన్ను తిడుతూ ఉంది.

మా ఆయన ఆ సాయంత్రం నా పక్కన కూర్చున్నాడు. ఈసారి ముఖం చూసే మాట్లాడాడు. "ఆ దినం నిన్ను గట్ల అడగకుంటే బాగుండేది" అన్నాడు. ఆ రోజుతో నాలో ఒక ముడి విడిపోయింది.

1985 చివరికి నోటుబుక్కులో నా పేజీల్లో ఆకుపచ్చ కనిపించింది. తర్వాత నీలం. పాపను చంకనెత్తుకుని బడికి తీసుకుపోయాను. అరికాళ్ల మంట మాత్రం పూర్తిగా పోలేదు. ఇప్పటికీ అప్పుడప్పుడూ ఉంటుంది.

చదివేవాళ్లకు ఒక మాట. నేను డాక్టర్ని కాను. సన్నగా ఉన్నవాళ్లందరికీ నా జబ్బే ఉంటుందని చెప్పడం లేదు. మా అత్తమ్మలాంటి వాళ్లే ఎక్కువమంది, వాళ్లకు గోలీలూ నడకా చాలా మేలు చేస్తాయి. కానీ మీ ఇంట్లో ఒకరు చెప్పినట్టల్లా చేస్తూ కూడా చిక్కిపోతుంటే వంటింటికి తాళం వేయకండి. ఇంకో డాక్టరుకు చూపించండి. వాళ్ల చిన్నతనం తెలిసినవాళ్లను వెంట తీసుకుపోండి.

1986 వేసవి సెలవుల్లో అవ్వ అందరినీ వేములవాడకు రమ్మని కబురు పంపింది. నేను దవఖానలో ఉన్నప్పుడు అక్కడి దేవుడు రాజన్నకు మొక్కుకుందట, బతికి బయటపడితే నా ఎత్తు బెల్లం తూచి ఇస్తానని. గుడి దగ్గర పెద్ద తక్కెడ. ఒక పళ్లెంలో నేను కూర్చున్నాను. అవ్వ తెచ్చిన బెల్లం ముద్దలన్నీ రెండో పళ్లెంలో పేర్చారు. నా పళ్లెం నేల మీంచి కదలలేదు. అవ్వ కంగారుగా బస్తా దులిపింది. ఏమీ లేదు.

అత్తమ్మ విరగబడి నవ్వింది. "వదినె, నువ్వు దవఖానల జూసిన మనిషికి తెచ్చినవ్ బెల్లం. గీ విజయకు ఏం సాలుతది?" అంటూ బయటి దుకాణానికి వెళ్లి ఒక పెద్ద ముద్ద భుజాన మోసుకొచ్చి పెట్టింది. తక్కెడ కొంచెం ఊగింది, ఆగింది.

"లేవలే!" అని అరిచింది అత్తమ్మ, చుట్టూ ఉన్నవాళ్లందరికీ వినబడేలా. "సూడుండ్రి, ఇంక లేవలే!"

మా ఆయన పోబోతుంటే ఆపి, తానే కొంగు నడుముకు బిగించి, ఇంకో ముద్ద కోసం జనంలోంచి దారి చేసుకుంటూ గేటు వైపు పరుగులాంటి నడకతో వెళ్లింది.